తాగనివాళ్ల వరుస

కలకత్తాలో లివర్ గురించి మాట్లాడని మనిషిని నేను చూడలేదు. ట్రాములో పక్కన కూర్చున్న పెద్దాయనకు నిద్ర పట్టకపోతే లివర్, మొహం మీద మచ్చలొస్తే లివర్, అల్లుడు చిరాకు పడితే ఆ అల్లుడి లివర్. పొద్దున్నే నేలవేము నానబెట్టిన చేదునీళ్లు ముక్కు మూసుకుని తాగుతారు. పది కాకముందే వీధి చివర నూనెలో తేలే కచోరీలు తింటారు. సాయంత్రం మళ్లీ లివర్ టానిక్కు. ఈ ఊళ్లోనే పుట్టి పెరిగిన నాకు చిన్నప్పుడు ఇదంతా నవ్వులాటగా ఉండేది. తర్వాత లివరే నా ఉద్యోగమైంది. ఇప్పుడు ఆ మాట ఎవరి నోట విన్నా సంగతి మార్చేస్తాను.

మా అమ్మా నాన్నా ఇద్దరూ కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చేవాళ్లు. మా తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లలో కొందరు రేవులో మూటలు మొయ్యడానికి పోయారు, కొందరు చీపురు పట్టారు. మాది చీపురు పట్టిన వంశం. కార్పొరేషన్ క్వార్టర్స్‌లో ఒకటే గది, దాని ముందు చిన్న వసారా, వరుసకంతటికీ ఒకటే కుళాయి. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, తగువులో హిందీ. నన్ను చదివించాలన్న పట్టుదల అమ్మది. ఆ పుణ్యాన నేను ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసి, ఒక పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలో లివర్ మీద పరిశోధన చేసే విభాగంలో చేరాను.

అక్కడ నా పని ముక్కలు కొయ్యడం. రోగి లివర్‌లోంచి సూదితో దారప్పోగంత ముక్క తీస్తారు. దాన్ని ఫార్మలిన్‌లో ఊరబెట్టి, మైనంలో బిగించి, ఉల్లిపొరకంటే పల్చగా కోసి, గాజుపలక మీద పరిచి రంగులద్దేదాన్ని. మంచి లివర్ గులాబీ రంగులో, పెంకులు పేర్చినట్టు ఉంటుంది. కొవ్వు పట్టిన లివర్‌లో తెల్లటి గుండ్రాలు కనిపిస్తాయి. కొవ్వు మందుల్లో కరిగిపోయి, అది కూర్చున్న చోటు ఖాళీగా మిగులుతుంది. ఇంకో రంగు వేస్తే లివర్ గట్టిపడిన చోటల్లా నీలంగా తేలుతుంది. ముందు కొవ్వు, తర్వాత వాపు, తర్వాత ఆ నీలం, చివరికి కొందరికి క్యాన్సర్. తాగేవాళ్ల విషయంలో ఇది అందరికీ తెలిసిన దారే. చుక్క ముట్టనివాళ్లు కూడా ఇదే దారిన ఎందుకు పోతున్నారు, వాళ్లలో ఎవరు చివరిదాకా పోతారు అన్నది మా పెద్ద డాక్టర్ పట్టుకున్న ప్రశ్న. మంచి ప్రశ్నే. ఆ ప్రశ్నలో నాకు ఇప్పటికీ తప్పేమీ కనపడదు.

తప్పు ఆయనలోనే కనపడేది. ముక్కల సీసాలున్న బల్ల మీదే టిఫిన్ డబ్బా తెరిచేవాడు. మైదా పూరీల్లాంటి లూచీలు, నూనె తేలే మటన్ కూర. బొజ్జ బల్లకి ఆనుతుండగా, ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో జూనియర్లకు బోర్డు వైపు చూపిస్తూ, కొవ్వు మనిషిని ఎలా తినేస్తుందో పాఠం చెప్పేవాడు. తిన్నాక వేళ్లు గాజుగుడ్డతో తుడుచుకుని, ఆ గుడ్డ నా బల్ల మీద వదిలేసి పోయేవాడు. ఫార్మలిన్ ఘాటూ మటన్ వాసనా కలిసి నా ముక్కులో అలా ఉండిపోయాయి. పెళ్లి భోజనాల్లో మటన్ వడ్డిస్తే ఇప్పటికీ లేచి పక్కకు పోతాను.

అవి వామపక్షం గద్దె మీద కూర్చుని ఎన్నేళ్లయిందో జనం లెక్కపెట్టడం మానేసిన రోజులు. ఆసుపత్రిలో మంచం కావాలన్నా, బడిలో సీటు కావాలన్నా, ఇంటి పైకప్పు రేకు మార్చుకోవాలన్నా పార్టీ లోకల్ కమిటీ ఆఫీసులో ఉండే నాయకుణ్ని, అందరూ దాదా అని పిలిచేవాణ్ని అడగాలి. మా క్వార్టర్స్ జనాన్ని పరీక్షించడానికి మా పెద్ద డాక్టర్ కూడా ఆ దాదానే అడిగాడు. కష్టం చేసుకునే జనంలో కూడా కొవ్వు లివర్ ఉందని చూపిస్తే విదేశాల్లో మన మాట వింటారని ఆయన ఆశ. దాదా సరేనన్నాడు. ఒక ఆదివారం మా క్వార్టర్స్ క్లబ్బు గదిలో ఉచిత లివర్ శిబిరం పెట్టారు. బయట ఎర్రజెండాలు, మైకులో పాటలు, లోపల స్కానింగ్ యంత్రం. జనాన్ని వరుసలో నిలబెట్టడానికి ఊడ్చేవాళ్ల మీద అజమాయిషీ చేసే కార్పొరేషన్ సర్దార్ వచ్చి గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

పద్ధతి ఇది. ముందు ఒక జూనియర్ డాక్టర్ నాలుగు ప్రశ్నలు అడుగుతాడు. తర్వాత స్కాన్. లివర్‌లో కొవ్వు ఉండి, మందు అలవాటు లేకపోతే తాగనివాళ్ల వరుసలోకి పంపుతారు. వాళ్లకు ఆరు నెలలకోసారి స్కానూ రక్తపరీక్షలూ, అవసరమైన మందులూ ఆసుపత్రే చూస్తుంది. కొవ్వు ఉండి తాగుడు కూడా ఉంటే, మందు మానెయ్యమని రాసిన కాగితం చేతిలో పెట్టి పంపేస్తారు. నేను గదికి అవతలి మూల రక్తం తీస్తున్నాను. మైకు హోరులో ప్రశ్నలు నాకు వినపడలేదు. అమ్మా నాన్నా ఇద్దరూ వరుసలో వచ్చి, అడిగినదానికి జవాబు చెప్పి, స్కాన్ చేయించుకుని వెళ్లిపోయారు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మ వసారాలో బియ్యం చెరుగుతోంది. నాన్న అప్పటికే రెండు గుటకలు వేసి గోడకి ఆనుకుని ఉన్నాడు. మా నాన్న తాగుతాడు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ రోజూ తాగుతాడు. బాంగ్లా అని ఈ ఊళ్లో పిలిచే నాటుసారా. తాగి కొట్టడు, అరవడు, గోడకి ఆనుకుని కూర్చుని బడ్జ్ బడ్జ్ ఊళ్లో జూట్ మిల్లులో చచ్చిపోయిన తన తమ్ముడి గురించి ఏడుస్తాడు, అంతే.

"ఏటన్నారు డాక్టర్లు?" అని అడిగాను.

"కొవ్వుందంత," అంది అమ్మ. "సారా మానీమని కాయితం ఇచ్చినారు."

"నాన్నకా?"

"నాకు."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"ఆ కుర్ర డాక్టరు తాగుతావా అన్నాడు. తాగుతాననీసినాను."

"ఏటమ్మా? నువ్వు తాగడమేటి?"

"అమ్మోరి సాక ఏసుకోనా ఏటి? ఏటా ఏసుకుంతాను కదే. నేదని ఎలాగంతాను? నేదంతే అమ్మోరు ఊరుకుంతాదా?"

ఇది మా వాళ్లకు తప్ప ఎవరికీ అర్థం కాదు. మా క్వార్టర్స్‌లో ఏటా అమ్మోరి పండగ చేస్తారు. ఘటం ఎత్తే ముందు అమ్మోరికి సాక పోస్తారు. ఊళ్లో అయితే కల్లు. ఇక్కడ కల్లు ఎక్కడ దొరుకుతుంది, అందుకని బాంగ్లా సారాలో వేపమండ ముంచి పోస్తారు. ఘటం ఎత్తే ఆడమనిషి ఆ సాకలో వేలు ముంచి నాలిక మీద వేసుకోవాలి. మా క్వార్టర్స్‌లో ఘటం ఎత్తేది మా అమ్మే. పదేళ్లప్పుడు వాళ్లమ్మ పక్కన నిలబడి మొదటిసారి వేసుకుంది. అప్పట్నుంచీ ఏడాదికి ఆ ఒక్క బొట్టు. మిగతా రోజుల్లో నాన్న గ్లాసు కడగాలన్నా కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేది. కానీ అమ్మోరి నుంచి పుచ్చుకున్నదాన్ని పుచ్చుకోలేదనడం ఆవిడ దృష్టిలో అమ్మోరినే కాదనడం.

"ఎంత తాగుతావని అడగనేదా?" అన్నాను.

"నేదు. ఎప్పట్నుంచన్నాడు. సిన్నప్పట్నుంచీ అన్నాను. రాసీసుకుని నా ఎనకాలున్నోల్లని పిలిసీసినాడు."

తర్వాత ఆ ప్రశ్న ఎలా అడిగాడో బెంగాలీలోనే చెప్పించుకున్నాను. "మోద్ ఖావ్?" అన్నాడట. మందు తాగుతావా అని, మీరు కూడా కాదు, నువ్వు. మా అమ్మకంటే పాతికేళ్లు చిన్నవాడు. అవునంది కదా, అక్కడితో అయిపోయింది. ఊడ్చేవాళ్లు తాగుతారని వాడికి ఇంట్లోంచి బయల్దేరేటప్పుడే తెలుసు. ఎంత, ఎన్నాళ్లకోసారి అని అడగడం ఎందుకు, వరుస చాలా పొడుగుంది.

"నువ్వేటి సెప్పినావు?" అని నాన్నని అడిగాను.

"ఎప్పుడూ ముట్టనేదన్నాను," అన్నాడు నాన్న గ్లాసు చేత్తో పట్టుకుని. "సర్దారు పక్కనే ఉన్నాడు కదే. డూటీలో తాగుతన్నానని పనిలోంచి పీకీడూ?"

అలా మా నాన్న తాగనివాళ్ల వరుసలోకి పోయాడు. ఆయన లివర్‌లో కూడా కొంచెం కొవ్వు కనపడిందట. మా అమ్మ తాగుబోతయింది.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మర్నాడు పొద్దున్నే పెద్ద డాక్టర్ గదిలోకి వెళ్లి నిలబడ్డాను. రెండు తప్పులు జరిగాయి సార్ అన్నాను. సాక సంగతి చెప్పాను. నాన్న సంగతి కూడా దాచకుండా చెప్పాను. నా తండ్రి పరువు తీసుకుంటున్నానని తెలిసే చెప్పాను, ఎందుకంటే అమ్మకు షుగర్ ఉంది, బరువుంది, ఆవిడ అమ్మమ్మ కడుపులో గడ్డతో పోయింది. ఎవరినన్నా కనిపెట్టుకుని చూడాలంటే అది ఆవిడనే.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "చూడమ్మా, శాస్త్రం అంటే రోగి చెప్పిన మాట. ఇంట్లోవాళ్లు వచ్చి ఇది కాదు అది అంటే మార్చుకుంటూ పోతే నా చేతిలో ఏం మిగులుతుంది?"

"మరి మా నాన్న రోజూ తాగుతాడు సార్. ఆయన్ని ఉంచితే మీ లెక్కే తప్పవుతుంది."

"తాగనివాళ్లలో మగవాళ్లు తక్కువ పడ్డారు," అన్నాడాయన. కళ్లజోడు పెట్టుకుని కాగితాల్లోకి చూశాడు.

లోకల్ కమిటీ దాదా దగ్గరికి కూడా వెళ్లాను. ఆయన టీ తెప్పించాడు, మర్యాదగానే మాట్లాడాడు. "డాక్టర్‌బాబు మన మనిషే దీదీ," అన్నాడు. "ఇంత మంచి పని చేస్తుంటే మనవాళ్లే వంక పెడితే బాగుంటుందా?" ఆ టీ తాగలేక అక్కడే వదిలేసి వచ్చాను. మన మనిషి అన్న మాట ఆ రోజుల్లో ఈ ఊళ్లో ఎన్ని నోళ్లు మూసిందో చెప్పలేను. ఎవడి మనిషి, ఎవరికి మనిషి అని అడిగే ధైర్యం నాకూ లేకపోయింది, ఉద్యోగం ఏడాదికేడాది కాంట్రాక్టు మీద నడుస్తున్నది.

బయటివాళ్ల మీద కోపం ఒక ఎత్తు. మా వాళ్ల మీద రోత ఇంకో ఎత్తు. మందు మానెయ్యమని అమ్మకు కాగితమిచ్చిన సంగతి రెండు రోజుల్లో కుళాయి దగ్గరికి చేరింది. "పైకి అమ్మోరి భక్తురాలు, లోపల ఇదా యవ్వారం," అన్నారు ఆడవాళ్లు. వాళ్ల మొగుళ్లందరూ నాన్న పక్కన కూర్చుని తాగేవాళ్లే, వాళ్లలో సగంమంది నాన్నలాగే తాగనివాళ్ల వరుసలో ఉన్నవాళ్లే. ఆ ఏడు పండక్కి పెద్దలు కూర్చుని ఘటం ఇంకొకావిడకి ఇచ్చారు. డాక్టర్లే రాసిచ్చాక మనమేం చేస్తామన్నారు. అమ్మోరి సాక వేసుకున్నందుకు తాగుబోతయిన మనిషి, తాగుబోతయినందుకు అమ్మోరి ఘటానికి పనికి రాలేదు. ఇంతమందిలో ఒక్కరికి, ఒక్కరికైనా, ఇది తట్టలేదు. ఆ రోజు అమ్మ కొత్తచీర కట్టుకుని, ఊరేగింపు మా గుమ్మం దాటేదాకా లోపలే కూర్చుంది.

స్కానింగ్ గదిలో పనిచేసేవాళ్లను బతిమాలి నేనే అమ్మను రెండుసార్లు తీసుకుపోయాను. కొవ్వు అలాగే ఉంది, గడ్డ ఏమీ లేదు అన్నారు. తర్వాత సిబ్బంది బంధువులను వరుస తప్పించి చూడకూడదని నోటీసు పెట్టారు. మామూలు కౌంటర్‌కి పంపితే అక్కడ కూర్చున్నావిడ పాత కాగితం చూసి, అందరి ముందూ గట్టిగా, "ఇంకా తాగుతున్నావా?" అని అడిగింది. అమ్మ ఆ కాగితం మడిచి కొంగున కట్టుకుని ఇంటికొచ్చేసింది. బయట ప్రైవేటులో చూపిస్తానంటే వినలేదు.

"ఎక్కడికెల్లినా అదే అడుగుతారు," అంది. "మల్లీ అదే సెప్పాల. నాను ఆ వరసలో నిలబడను."

"నేదని సెప్పీమ్మా. ఒక్క మాట."

"నువ్వు సెప్పుకోయే, నాకు రాదు."

ఎన్నిసార్లు పోట్లాడుకున్నామో. ఆవిడ మొండితనం మీద కూడా నాకు కోపమే వచ్చేది. అమ్మోరు నీ మీద ఇంత పగ పడుతుందా, ఒక్క అబద్ధానికి అని అరిచాను. ఆవిడ చీపురు పుల్లలు బిగించుకుంటూ కూర్చునేది, నా వైపు చూసేది కాదు. ఈలోగా ఆరు నెలలకోసారి మా నాన్న తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని ఆసుపత్రికి పోయేవాడు. స్కాన్ చేయించుకుని, రక్తమిచ్చి, పెద్ద డాక్టర్ చేత భుజం తట్టించుకుని వచ్చేవాడు. వచ్చే దారిలోనే ఒక గుటక వేసి వచ్చేవాడు.

కొన్నేళ్లు అలా గడిచాయి. అమ్మ బరువు తగ్గడం మొదలైంది. బాగున్నావే, సన్నబడ్డావే అన్నారందరూ. ఆ కుళాయి దగ్గరి ఆడవాళ్లే, మందు మానేసినట్టుంది, మొహం తేటపడింది అన్నారు. తర్వాత కుడి డొక్క కింద నొప్పి. చెత్తబండి తోస్తుంటే వస్తుంది, తగ్గిపోతుంది అనేది. కడుపు ఉబ్బి చీర కుచ్చిళ్లు నిలవని రోజున ఇక నేను ఆవిడ మాట వినలేదు, రిక్షా ఎక్కించి తీసుకుపోయాను. జనరల్ వార్డులో మంచం లేక రెండు మంచాల మధ్య నేల మీద పడుకోబెట్టారు. ఆవిడ తలాపున పిల్లి తిరుగుతోంది, ఎవరిదో ఎంగిలి అన్నం పొట్లం కోసం. స్కాన్‌లో గడ్డ కనపడింది. చిన్నది కాదు. కోసి తీసే దశ దాటిపోయింది.

ఆ వార్డుకి పెద్ద డాక్టర్ నా ఎరుకలో ఎప్పుడూ దిగి రాలేదు. ఆ వారం దిగివచ్చాడు. ఎందుకో చెప్తాను. అమ్మ రక్తంలో ఏ కామెర్ల వైరస్సూ దొరకలేదు. గడ్డలోంచీ, గడ్డ లేని చోటునుంచీ సూదితో రెండు ముక్కలు తీశారు. ఆ ముక్కలు వేరేవాళ్లు కోస్తే చిరిగిపోతాయేమోనని నేనే కోశాను. నా తల్లి లివర్‌ని మైనంలో బిగించి, పొరలు తీసి, పలక మీద పరిచి రంగు వేశాను. అలవాటైన చెయ్యి, దానికి ఎవరి ముక్కైనా ఒకటే, ఆ చేతి మీద కూడా నాకు అసహ్యం వేసింది. గడ్డ లేని చోట తెల్ల గుండ్రాలు నిండా ఉన్నాయి. నీలం మాత్రం దాదాపు లేదు. లివర్ గట్టిపడకుండానే, మధ్యలో మెట్టు దాటేసి, కొవ్వులోంచే నేరుగా క్యాన్సర్ వచ్చింది. అలా రావచ్చని అప్పుడప్పుడే కొందరు అనుమానిస్తున్నారు.

పెద్ద డాక్టర్ మైక్రోస్కోపులో కళ్లు పెట్టి చాలాసేపు చూశాడు. "అద్భుతం," అన్నాడు. "ఎంత శుభ్రమైన కేసు." అప్పుడు నా వైపు తిరిగి, తీయగా, "మీ అమ్మ తాగదని అన్నావు కదూ నువ్వు, మొదట్లో?" అన్నాడు.

కొన్నేళ్ల కింద రోగి చెప్పిన మాటే శాస్త్రమన్న మనిషి. ఆయన మొహం మీద ఉమ్మెయ్యాలనిపించింది. నోరు మూసుకుని తల ఊపాను.

మర్నాడు నలుగురు జూనియర్లను వెంటబెట్టుకుని వార్డుకి వచ్చాడు. అమ్మకి అప్పటికి మంచం దొరికింది. మంచం అంచున కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. ఈసారి మీరు అన్నాడు, పిన్నమ్మా అన్నట్టు మాషీమా అన్నాడు. మీ సంగతి ప్రపంచమంతా తెలుసుకుంటుంది, ఎందరికో మేలు జరుగుతుంది, మీరు జన్మలో మందు ముట్టలేదని నాకు ఒక్కమాట చెప్పండి చాలు, అప్పుడు పొరపాటున రాశారు అన్నాడు. ఒక జూనియర్ పెన్ను పట్టుకుని నిలబడ్డాడు.

అమ్మ కళ్లు పచ్చగా ఉన్నాయి. నా వైపు చూసింది. నేను చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఆవిడ తెలుగులోనే మాట్లాడింది, నన్ను బెంగాలీలో చెప్పమని చేత్తో సైగ చేసి.

"పొరపాటు కాదు బాబూ. నానే సెప్పినాను. అమ్మోరి సాక ఏటా ఏసుకుంతాను. ఎంతని ఆరోజు అడిగుంతే ఎంతో కూడా సెప్పీదాన్ని. ఇప్పుడు సచ్చిపోయీముందర నేదని ఎలాగంతాను? ఇంకొద్ది రోజుల్లో ఆయమ్మ దగ్గిరికే పోవాల కదా." కాసేపు ఊపిరి తీసుకుంది. "మా ఆయన తాగుతాడు. ఆయన్ని మాత్రం పంపీకండి, సూస్తా ఉండండి. నాను నేకపోతే తిండి కూడా తినడు."

నేను ఉన్నదున్నట్టు బెంగాలీలో చెప్పాను. ఆయన ఆవిడ చెయ్యి వదిలి, మంచం మీదనుంచి లేచి, జూనియర్లతో ఇంగ్లీషులో ఏదో అన్నాడు. వాళ్లు నవ్వారు. పెన్ను పట్టుకున్నవాడు ఏం రాశాడో నాకు కనపడలేదు. అమ్మ తొమ్మిదో రోజున తెల్లవారుజామున పోయింది, ఊడ్చే డ్యూటీకి రోజూ లేచే వేళకి.

కొన్ని నెలల తర్వాత న్యూ టౌన్‌లో కొత్తగా కట్టిన ఒక పెద్ద హోటల్లో లివర్ సభ జరిగింది. పలకల పెట్టె మొయ్యడానికి నన్ను కూడా తీసుకుపోయారు. చల్లటి హాలు, మెత్తటి తివాచీ. పెద్ద డాక్టర్ వేదిక ఎక్కాడు. గోడంత తెర మీద గులాబీ రంగు, తెల్ల గుండ్రాలు. అది నేను కోసిన పొరే, ఒక అంచున నా కత్తి గీత కూడా ఉంది. మధ్యవయసు గృహిణి, జన్మలో మద్యం ముట్టలేదు, అన్నాడాయన. గృహిణి. ముప్పయ్యేళ్లు ఈ ఊరి వీధులు ఊడ్చిన మనిషిని ఇంట్లో కూర్చోబెట్టేశాడు. ఆవిడ చివరి మాటని కూడా నోట్లోంచి లాక్కుని, దాని చోట తనకి కావలసిన మాట పెట్టాడు. తర్వాతి బొమ్మలో తాగనివాళ్ల లెక్క వచ్చింది. అందులో ఎక్కడో మా నాన్న కూడా ఉన్నాడు. చప్పట్లు కొట్టారు. సాయంత్రం ఒక మందుల కంపెనీ విందు ఇచ్చింది. ఫిష్ ఫ్రై, మటన్, వరసగా విస్కీ గ్లాసులు. గ్లాసు చేత్తో పట్టుకుని అందరూ పెద్ద డాక్టర్ చుట్టూ మూగి అభినందించారు. నేను బాత్రూములోకి పోయి వాంతి చేసుకున్నాను.

ఆ మరుసటి నెల నాన్న స్కాన్ వారం వచ్చింది. వెళ్లనన్నాడు. అమ్మ పోయినప్పటినుంచీ ఆయన గోడకి ఆనుకుని కూర్చోవడమే, తమ్ముడి గురించి కూడా ఏడవడం మానేశాడు. నేనే బలవంతాన లేపి తీసుకుపోయాను, అమ్మ చెప్పి పోయింది కదా అని. అక్కడ కూర్చున్నది కొత్త జూనియర్. అలవాటు ప్రకారం అడిగాడు, మందు ఏమైనా తాగుతున్నారా అని.

"తాగుతాను," అన్నాడు నాన్న బెంగాలీలో. "రోజూ తాగుతాను. నా పెళ్లి ముందునుంచీ తాగుతున్నాను. ఆరోజు అబద్ధం చెప్పాను బాబూ. నా చోటు మా ఆవిడది. నా పేరు కొట్టెయ్యండి."

ఆ కుర్రవాడు పాత కాగితాలు తిరగేసి చూశాడు. అన్నేళ్ల స్కాన్‌లు, అన్నేళ్ల రక్తపరీక్షలు, ఒక్కటీ తప్పలేదు. నా వైపు చూసి, జాలిగా, భార్య పోయారు కదా, దిగులు మీద అలా అంటున్నారు, ఈమధ్యే మొదలుపెట్టి ఉంటారు అన్నాడు.

"కాదు, నిజమే," అన్నాను నేను.

ఆ జూనియర్ వినిపించుకోలేదు. నాన్న భుజం తట్టి, ఇలాంటప్పుడే ధైర్యంగా ఉండాలి కాకా అని, కాగితం మీద తాగుడు లేదు అని రాసి, స్కాన్ గదిలోకి పంపాడు.